పనిముట్ల సంచి

పర్లాకిమిడి కోర్టు వీధిలో
జిరాక్సు మిషను పక్కన నా కుర్చీ.
బోర్డు మీద మూడు లిపులు:
ఒడియా, తెలుగు గుండ్రంగా ఒరుసుకుంటాయి,
ఇంగ్లీషు ఓ మూల నిటారుగా నిలబడుతుంది.
కొమ్ముబొమ్మల కొట్టుకి, రైసుమిల్లుకి,
ఒక ట్యూషన్ మాస్టారికి
వెబ్‌సైట్లు కట్టిచ్చాను.
బాగున్నాయని అందరూ అన్నారు.
అందరూ అంటే, చూసినవాళ్ళు.

సుభద్ర వచ్చిన రోజు వాన.
గొడుగు మడిచి, కర్ర మడిచి,
ఏది ఎక్కువ తడిసిందో వేళ్ళతో తేల్చుకుని
"బ్యాంకు పరీక్షకి దరఖాస్తు పెట్టాలి" అంది.
"అన్నీ నేనే నింపేశాను. ఆఖర్న ఏదో బొమ్మంట.
అందులో అక్షరాలు కొట్టమంటాది."
వంకర తిరిగి, గీతలు పడ్డ ఐదక్షరాలు.
నేను కొట్టిచ్చాను. పది రూపాయలు తీసుకున్నాను.
మనిషివని రుజువు చూపించమని
మనిషిని అడిగే బొమ్మ అది.
ఆవిడ బదులు నేను మనిషినయ్యాను.

వెళ్తూ గుమ్మంలో ఆగి అడిగింది:
"నువ్వు కట్టినవి నాకు వినపడతాయా?"

ఆ రాత్రి కొత్త ఫోల్డరు తెరిచాను.
పేరు: సంచి.

బినోద మహారాణా సంచిలో
ఆకురాళ్ళు, పంటి రంపం, మైనపు గుడ్డ.
నా సంచిలో ముందేం వెయ్యాలో తెలీలేదు.
తెరని చదివే గొంతొకటి ఉచితంగా దొరికింది.
రంగుకీ రంగుకీ ఎడం కొలిచే కొలబద్ద ఒకటి;
లేతబూడిద మీద నేను పెట్టిన తెల్లక్షరాల్ని
తవుట్లో నూకల్లా ఏరి బయట పడేసింది.
మౌసుని డ్రాయర్లో పెట్టి తాళం వేశాను.
ట్యాబ్ మీట ఒక్కటే నొక్కుకుంటూ
నా సైటులోకి నేనే వెళ్ళబోయి
ట్యూషన్ మాస్టారి ఫీజుల పట్టికలో ఇరుక్కుపోయాను.
ముందుకి లేదు, వెనక్కి లేదు,
గుణుపురం బండి పొలాల మధ్య ఆగిపోయినట్టు.
కళ్ళజోడుకి కొబ్బరినూనె రాసుకుని ఓసారి,
వేళ్ళకి గుడ్డ చుట్టుకుని ఓసారి.
మా అక్క తలుపు సందులోంచి చూసి
ఏటయింది నీకని అడిగింది.

గొంతు ఇంగ్లీషుని గడగడా చదివింది.
తెలుగు రాగానే,
తప్పు చదవలేదు, తడబడలేదు,
అక్కడేమీ లేనట్టు దాటిపోయింది.
నా సగం పేజీ లేనేలేదు.
ఎలియా గమాంగో పెన్‌డ్రైవులో తెలుగు గొంతు తెచ్చాడు,
ఒడియాది కూడా.
"మరి మీ సవర మాటకి?" అంటే
నవ్వి, పెన్‌డ్రైవుకి మూత పెట్టుకున్నాడు.

మంగళవారం సుభద్రని కూర్చోబెట్టాను.
కొమ్ముబొమ్మల కొట్టు తెరిచింది.
గొంతు చదివింది:
ఐ ఎమ్ జీ సున్నా సున్నా నలభైయేడు.
"నలభైయేడంటే ఏటి?"
కొంగ అన్నాను.
"కొంగని నలభైయేడంటారా మీ కోర్టు వీధిలో?"

కొంగ అని రాసి, చదివించాను.
పెదవి విరిచింది.
మహారాణా కొట్టుకి పోయి ఆ కొంగనే తెచ్చి
చేతిలో పెట్టాను.
చాలాసేపు మాట్లాడలేదు.
వేలు ముక్కు చివర ఆగింది.
మెడ దిగింది, మళ్ళీ ఎక్కింది.
తర్వాత చెప్తూంటే నేను టైపు చేశాను:
"జానెడు కొంగ. నలుపో తెలుపో నువ్వు రాసుకో.
ఒంటికాలి మీద ఉంది.
వెనకెవరో పిలిచినట్టు మెడ తిప్పింది.
రెక్క కింద ఒకచోట
ఆకురాయి జారిన గీత."

ఆ గీత నేను చూడలేదు.
ఫోటో తీసింది నేనే.

ఆ చివరి వాక్యం తీసెయ్యమన్నాడు మహారాణా,
సరుకు అమ్ముడుపోదని.
సుభద్ర ఒప్పుకోలేదు.
ఇద్దరూ ఒడియాలో పోట్లాడుకుంటూంటే
నేను సేవ్ నొక్కాను.

పరీక్షవాళ్ళ బొమ్మ ఇంకా అలాగే ఉంది.
మూడు మెయిళ్ళు పెట్టాను.
మీ అభిప్రాయం అందిందని జవాబొచ్చింది,
లేతబూడిద అక్షరాల్లో.

సంచిలో ఇప్పటికి పద్నాలుగు పనిముట్లున్నాయి.
అడిగినవాళ్ళకి అన్నీ ఊరికే ఇస్తున్నాను.
ఒక్కటి మాత్రం దించుకోడానికి కుదరదు:
పొట్నూరు సుభద్ర, మంగళవారాలు, నాలుగు దాటాక,
గంటకి రెండొందలు.
ముందు నేను నూటయాభై అన్నాను.
"ఐదక్షరాలకి పది తీసుకున్నావు కదా," అంది,
"లెక్కలు నాకూ వస్తాయి."